టూ-స్ట్రోక్ డర్ట్ బైక్‌లో పట్టేసిన పవర్ వాల్వ్: విడిపించడం, మళ్లీ పట్టకుండా చూసుకోవడం

బండి కింద, అంటే తక్కువ ఆర్‌పీఎంలో, బాగానే లాగుతుంది. మూడో గేరులో థ్రాటిల్ పూర్తిగా తిప్పితే మాత్రం సైలెన్సర్‌లో గుడ్డ కుక్కినట్టు ఒకచోట ఆగిపోతుంది. ప్లగ్ మారుస్తారు, జెట్లు మారుస్తారు, రీడ్లు కూడా మారుస్తారు. చాలాసార్లు తప్పు ఎగ్జాస్ట్ పోర్ట్ పైఅంచు దగ్గర ఉంటుంది. అక్కడ కదలాల్సిన చిన్న లోహపు ముక్క మసిలో కూరుకుపోయి ఉంటుంది.

ఆర్ఎక్స్ 100 మీద చేయి తిరిగిన మెకానిక్‌కు కూడా ఇది కొత్త భాగమే, ఎందుకంటే ఆ ఇంజన్లో పవర్ వాల్వ్ లేదు. అందులో పోర్ట్ ఎత్తు ఎప్పటికీ ఒకటే. మోటోక్రాస్, ఎండ్యూరో టూ-స్ట్రోక్‌లలో మాత్రం ఆ ఎత్తు వేగాన్ని బట్టి మారుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో వాల్వ్ దిగి పోర్ట్‌ను పొట్టిగా చేస్తుంది. ఎగ్జాస్ట్ ఆలస్యంగా తెరుచుకుని, మండిన వాయువు పిస్టన్‌ను ఇంకాస్త దూరం నెడుతుంది. ఆర్‌పీఎం పెరిగితే వాల్వ్ లేచి పోర్ట్ ముందే తెరుచుకుంటుంది, పై పవర్ అక్కడి నుంచి వస్తుంది. యమహా దీన్ని వైపీవీఎస్ అంటుంది, కవాసాకీ కిప్స్ అంటుంది, హోండా హెచ్‌పీపీ అంటుంది, కేటీఎం టీవీసీ అంటుంది, రోటాక్స్ రేవ్ అంటుంది. పేరు ఏదైనా పని అదే, పట్టేసే కారణాలూ దాదాపు అవే.

ముందు రోగం నిర్ధారించుకోండి

వాల్వ్ ఏ స్థితిలో పట్టేసిందో దాన్ని బట్టి లక్షణం మారుతుంది.

మూసుకుని పట్టేస్తే కింద పికప్ మామూలుగానే ఉంటుంది, పైన ఏమీ ఉండదు. ఇంజన్ ఎంత తిప్పినా చివరి మూడో వంతు రాదు.

తెరుచుకుని పట్టేస్తే కింద అసలు పికప్ ఉండదు. క్లచ్ జార్చి లేపాల్సి వస్తుంది, ఆ తర్వాత ఒక్కసారిగా అందుకుంటుంది. దీన్ని కార్బొరేటర్ తప్పు అనుకోవడం చాలా మామూలు.

సగంలో పట్టేస్తే రెండు వైపులా కొంత కొంత పోతుంది. చల్లగా ఉన్నప్పుడు ఒక రకంగా, వేడెక్కాక మరో రకంగా నడుస్తుంది. కనిపెట్టడానికి అన్నిటికంటే కష్టమైనది ఇదే.

ఊహ వద్దు, కళ్లతో చూడండి. చాలా మోడళ్లలో సిలిండర్ పక్కన రెండు మూడు చిన్న బోల్టులతో ఒక మూత ఉంటుంది. దాన్ని తీస్తే లింకేజ్, అంటే వాల్వ్‌ను కదిపే లివర్ల అమరిక, కనిపిస్తుంది. ఇంజన్ వేడెక్కాక న్యూట్రల్‌లో ఒక్కసారి చురుగ్గా రేస్ ఇచ్చి వదలండి. లివర్ ఒక చివరి నుంచి మరో చివరికి వెళ్లి, ఐడిల్‌కు రాగానే వెనక్కి రావాలి. లోడు లేకుండా ఎక్కువసేపు రేస్‌లో ఉంచకండి, క్షణం చాలు. మోటార్‌తో నడిచే వాల్వ్ ఉన్న కొత్త మోడళ్లకూ, ఎగ్జాస్ట్ ఒత్తిడితో నడిచే రేవ్‌కూ ఈ పరీక్ష ఇదే రూపంలో సరిపోదు. రేవ్‌లో ముందుగా రబ్బరు బెల్లోస్ చిరిగిందేమో చూడాలి.

లివర్ కదలకపోతే ఇంజన్ ఆపి, వాల్వ్‌కూ గవర్నర్‌కూ (ఇంజన్ వేగాన్ని బట్టి వాల్వ్‌ను కదిపే భాగం) మధ్య ఉన్న లింకు విప్పి, వాల్వ్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పి చూడండి. ఈ ఒక్క పని సగం శ్రమ తప్పిస్తుంది. వాల్వ్ హాయిగా తిరుగుతోందంటే మసి సమస్య కాదు, గవర్నర్ వైపు చూడాలి. తిరగకపోతే కిందిదంతా మీకోసమే.

కేటీఎం 250, 300 నడిపేవాళ్లకు ఒక మాట. పవర్ వాల్వ్ సహాయక స్ప్రింగులు మూడు రంగుల్లో దొరుకుతాయి: ఆకుపచ్చది మెత్తగా, పసుపుది మధ్యస్థంగా, ఎరుపుది దూకుడుగా నడిపిస్తుంది. వాల్వ్ పట్టేసిందని తెలియక స్ప్రింగ్ మార్చి చూసేవాళ్లు చాలామంది. ముందు వాల్వ్ కదులుతోందని తేల్చుకోండి, రంగు సంగతి తర్వాత.

కావాల్సినవి

8, 10 మి.మీ. టీ-పానాలు, అల్లెన్ కీలు, ప్లగ్ పానా, ఎగ్జాస్ట్ స్ప్రింగ్ లాగే కొక్కెం, చిన్న టార్క్ రెంచ్, సర్‌క్లిప్ ప్లయర్, హాట్ ఎయిర్ గన్. జపాన్ బండ్లలోని స్క్రూలకు మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ జారి తల చెడగొడుతుంది. జేఐఎస్ (జపాన్ ప్రమాణం) కొలతది తెచ్చుకోండి.

శుభ్రం చేయడానికి కార్బొరేటర్ క్లీనర్, కిరోసిన్ లేదా డీజిల్, ఇత్తడి బ్రష్, పచ్చ స్క్రబ్బర్ ప్యాడ్, వెదురు పుల్లలు, 600, 1000 నంబర్ వాటర్ పేపర్. ముందే కొని ఉంచుకోవాల్సినవి: హెడ్ ఓ-రింగులు లేదా గాస్కెట్, బేస్ గాస్కెట్, ఎగ్జాస్ట్ ఓ-రింగులు, పవర్ వాల్వ్ షాఫ్ట్ ఆయిల్ సీళ్లు, వాల్వ్ మూత గాస్కెట్, కొత్త సర్‌క్లిప్‌లు. ఓ-రింగులు బయట కొలత చెప్పి తెచ్చేటట్టయితే వైటాన్ రకమే అడగండి. మామూలు నైట్రైల్ రబ్బరు ఆ వేడికి గట్టిపడి పగులుతుంది.

ఒవెన్ క్లీనర్, కాస్టిక్ సోడా దగ్గరికి రానివ్వకండి. మసి పోతుంది, దాంతోపాటు అల్యూమినియం కూడా కరుగుతుంది. పాత స్కూటర్ల సైలెన్సర్‌ను కాల్చి, కాస్టిక్‌లో నానబెట్టి డీకార్బ్ చేసే అలవాటు ఇనుముకు సరిపోయింది. ఇక్కడ సిలిండరూ, చాలా మోడళ్లలో వాల్వూ అల్యూమినియమే. ఇంకోటి: క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌ను వేడి లోహం మీద కొడితే విషవాయువు పుడుతుంది.

మొదటి ప్రయత్నం: సిలిండర్ విప్పకుండా

మెత్తటి, జిగురు మసి అయితే చాలావరకు ఇక్కడే పని అయిపోతుంది.

1. బండి కడిగి, ఆరనిచ్చి, చల్లారాక ఎగ్జాస్ట్ పైపు తీయండి. పోర్ట్‌లోకి టార్చ్ వేసి చూడండి. వాల్వ్ అంచు ఎక్కడుందో, మసి పొడిగా ఉందో తడిగా ఉందో గుర్తు పెట్టుకోండి. కారణం వెతికేటప్పుడు ఈ వివరం మళ్లీ కావాలి.

2. ప్లగ్ తీసి, పిస్టన్‌ను పై చివరకు తీసుకురండి. అక్కడ పిస్టన్ స్కర్ట్ ఎగ్జాస్ట్ పోర్ట్‌ను మూసేస్తుంది కాబట్టి రాలిన మసి బోరులోకి పడదు. ఇది మరిచి పిస్టన్ కింద ఉండగా గోకితే పెళ్లలు నేరుగా రింగుల మీదికి పోతాయి.

3. కార్బొరేటర్ క్లీనర్‌ను వాల్వ్ అంచుల మీద, షాఫ్ట్ చుట్టూ కొద్దికొద్దిగా కొట్టండి. ముంచెత్తకండి, స్కర్ట్ పక్కనుంచి క్రాంక్‌కేసులోకి దిగి బేరింగుల నూనెను కడిగేస్తుంది. ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ కొట్టండి. ఆ తర్వాత ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ (ఏటీఎఫ్), అసిటోన్ సమపాళ్లలో కలిపిన మిశ్రమాన్ని కొన్ని చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. ఇది మంటకు సులువుగా అంటుకుంటుంది. గ్యారేజీ తలుపు తెరిచి ఉంచండి, దగ్గర్లో నిప్పు వద్దు.

4. ఉదయం షాఫ్ట్‌ను రెండు వైపులా కొద్దిగా ఊపండి. రెండు డిగ్రీలు కదిలినా గెలిచినట్టే. కదిలిన మేరకు ముందుకూ వెనక్కూ ఆడిస్తూ, మధ్యమధ్యలో క్లీనర్ వేస్తూ పోండి. ఒకే దిశలో నెట్టకండి. మసి పొడి ముందుకు పేరుకుని అడ్డు పెట్టినట్టు మళ్లీ బిగుస్తుంది.

5. పూర్తి దూరం తిరిగాక పోర్ట్‌లో రాలిన మసిని వాక్యూమ్‌తో లాగి, గుడ్డతో తుడవండి. అప్పుడే పిస్టన్ దించండి.

సుత్తి, పొడవాటి పానా ఈ దశలో చేతిలోకి తీసుకోకండి. లివర్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే పిన్ చిన్నది. ముందు అది తెగుతుంది, లేదా షాఫ్ట్ మెలితిరుగుతుంది. అప్పుడు బయట లివర్ కదులుతున్నట్టే కనిపిస్తుంది, లోపల వాల్వ్ కదలదు.

రెండో ప్రయత్నం: సిలిండర్ తీసి

రెండు రాత్రులు నానినా కదలకపోతే, లేదా కదిలినా గరగరమంటే, సిలిండర్ తీయాల్సిందే. కూలెంట్ వదిలి, హెడ్ నట్లను ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేయండి. సిలిండర్‌ను నిటారుగా ఎత్తండి, పక్కకు తిప్పకండి. తిప్పితే రింగు కొస పోర్ట్‌లో తగిలి విరగవచ్చు. పిస్టన్ కింది ఖాళీని శుభ్రమైన గుడ్డతో మూసేయండి. బేస్ గాస్కెట్ మందం కొలిచి రాసుకోండి. ఆ మందం పోర్టుల ఎత్తునూ, హెడ్‌కూ పిస్టన్‌కూ మధ్య ఖాళీనీ నిర్ణయిస్తుంది కాబట్టి కొత్తదీ అంతే ఉండాలి.

విప్పే ముందు ఫోటోలు తీయండి. కిప్స్ లాంటి రాక్, డ్రమ్ములు ఉన్న వాటిలో పళ్ల మీద చుక్కలు లేదా గీతలు ఉంటాయి, అవి కనపడేదాకా మసి తుడిచి అప్పుడు ఫోటో తీయండి. ఒక్క పన్ను తేడాతో బిగిస్తే ఒక డ్రమ్ము ముందే తెరుచుకుంటుంది, రెండోది సగంలో ఆగుతుంది. వాల్వ్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే స్క్రూలకు లాక్‌టైట్ (మర ఊడకుండా వేసే జిగురు) ఉంటుంది. వాటిని హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేశాకే విప్పండి. నట్టు తిరగకపోతే బలం పెంచే ముందు అది ఎడమ మరదేమో సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి.

కదలని వాల్వ్‌కు వేడి అసలు మందు. అది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఎక్కడ పనిచేయదో కూడా తెలుస్తుంది. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 20 మి.మీ. ఉక్కు డ్రమ్ము ఉన్న అల్యూమినియం రంధ్రాన్ని 100 డిగ్రీలు వేడెక్కిస్తే రంధ్రం సుమారు 0.046 మి.మీ. పెరుగుతుంది, డ్రమ్ము 0.024 మాత్రమే. అంటే 0.02 మి.మీ. అదనపు ఖాళీ. పొర పగలడానికి అది చాలు. వాల్వ్ కూడా అల్యూమినియమే అయితే రెండూ కలిసి పెరుగుతాయి, ఖాళీ రాదు. అప్పుడు వేడి జిగురును మెత్తబరచడానికే పనికొస్తుంది, మిగతాది నానబెట్టడం మీదే ఆధారపడాలి.

రబ్బరు భాగాలన్నీ తీసేసిన ఉత్త సిలిండర్‌కు వేడి చేసే సులువైన పద్ధతి సబ్బు కలిపిన మరిగే నీళ్లు. పెద్ద పాత గిన్నెలో పావుగంట ఉంచి, తోలు గ్లౌజులతో తీసి వెంటనే షాఫ్ట్ ఊపండి. వేడి అంతటా సమంగా పాకుతుంది, మంట ప్రమాదం లేదు. కదలకపోతే ఆరబెట్టి, డీజిల్‌లో ఒక రోజు నానబెట్టి మళ్లీ నీళ్లలో వేయండి. ఇలా రెండు మూడు సార్లు చేయాల్సి రావచ్చు. పని కాగానే ఆరబెట్టి బోరుకు పల్చగా నూనె రాయండి. ద్రావకంలో నానిన సిలిండర్‌ను వంటింటి ఓవెన్లో మాత్రం పెట్టకండి.

చివరి దశలో తట్టడం తప్పకపోతే, గట్టి ప్లాస్టిక్ లేదా ఇత్తడి కడ్డీని షాఫ్ట్ చివర ఆనించి చిన్న సుత్తితో తట్టండి. వాల్వ్ అంచు మీద ఎప్పుడూ కాదు.

శుభ్రం చేయడం, అరుగుదల చూడటం

వాల్వులను కిరోసిన్‌లో నానబెట్టి ఇత్తడి బ్రష్‌తో రుద్దండి. మూలల్లో, డ్రమ్ము మధ్య రంధ్రంలో గట్టిపడిన మసిని వెదురు పుల్లతో తీయండి. సిలిండర్‌లో వాల్వ్ కూర్చునే గూడు మరీ ముఖ్యం. వాల్వ్ తళతళలాడించి గూటిలో మసి వదిలేస్తే పది గంటల రైడింగ్‌లోపే మళ్లీ బిగుస్తుంది. బోరు లోపలి నికాసిల్ పూతకు ఇనుప పనిముట్టు తగలనివ్వకండి. పోర్ట్ అంచు దగ్గర పూత లేచిందంటే ఖర్చు వేలల్లోకి పోతుంది.

గీతలు, చిన్న బుడిపెలు ఉంటే వాటర్ పేపర్‌ను నూనెలో తడిపి తేలిగ్గా రుద్దండి, ముందు 600, తర్వాత 1000. ఉద్దేశం బుడిపె తీయడం మాత్రమే, మందం తగ్గించడం కాదు. వాల్వ్ వదులైతే మసి ఇంకా లోపలికి చేరుతుంది.

తర్వాత ఇవి చూడండి. వాల్వ్ అంచు మీద మెరిసే గీత ఉంటే పిస్టన్ తగిలిందని అర్థం, అలాంటిది తిరిగి బిగించకండి. పిన్నులు, లివర్ రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలో అరిగి ఉంటే మార్చండి, ఎందుకంటే లింకులో చిన్న చిన్న ఆటలన్నీ కలిసి వాల్వ్ పూర్తిగా తెరుచుకోకుండా ఆపుతాయి. షాఫ్ట్‌ను అద్దం మీద దొర్లిస్తే వంపు తెలిసిపోతుంది. కేటీఎంలో ఫ్లాప్ ఎత్తును నిర్ణయించే స్టాప్ స్క్రూ ఉంటుంది. మాన్యువల్ చెప్పే జెడ్ కొలత అక్కడిదే, కొలిచే సాధనం లేకపోతే దాన్ని కదపకండి.

చేత్తో వాల్వ్ సులువుగా తిరుగుతున్నా ఇంజన్ నడిచేటప్పుడు లివర్ కదలకపోతే క్లచ్ వైపు కవర్ తీసి గవర్నర్ చూడాలి. అందులో ఉక్కు బంతులు వాలు పళ్లేల మీదికి ఎక్కుతూ స్ప్రింగ్‌ను నొక్కుతాయి. బంతులు ఒకవైపు చదునైతే, పళ్లెంలో గుంటలు పడితే కదలిక జెర్కులు కొడుతుంది. రెండూ కలిపి మార్చండి, కొత్త బంతి పాత గుంటలో కూర్చుంటే ప్రయోజనం లేదు. బంతులు లెక్కపెట్టుకునే విప్పండి.

తిరిగి బిగించడం

వాల్వులకు గ్రీజు రాయకండి. ఎగ్జాస్ట్ వేడికి గ్రీజు మాడి, మీరు ఇప్పుడే తీసిన మసిగా మారుతుంది. పల్చగా టూ-స్ట్రోక్ నూనె చాలు. కొత్త సీళ్ల పెదవులకు కూడా అదే. వాల్వ్ స్క్రూలకు అధిక వేడిని తట్టే లాక్‌టైట్ ఒక్క చుక్క వేయండి. ఆ స్క్రూ ఊడితే నేరుగా పిస్టన్ మీద పడుతుంది.

గుర్తులు కలిపి బిగించాక సిలిండర్ బల్ల మీద ఉండగానే వాల్వ్‌ను చివరి నుంచి చివరికి తిప్పండి. తెరిచినప్పుడు దాని అంచు పోర్ట్ పైకప్పుతో సమంగా ఉండాలి. వేలితో తడిమితే మెట్టు తగలకూడదు. మూసినప్పుడు బోరులోకి పొడుచుకు రాకూడదు. ఉత్త పిస్టన్‌ను చేత్తో లోపలికి జార్చి వాల్వ్ ఎక్కడా తగలడం లేదని చూడండి. ఐదు నిమిషాలు పట్టే ఈ పరీక్ష ఒక ఇంజన్ను కాపాడుతుంది.

రింగు సందును పిస్టన్ మీది పిన్నుకు సరిగ్గా పెట్టి సిలిండర్‌ను నిటారుగా దించండి. హెడ్ నట్లను మాన్యువల్ అంకెకు మూడు విడతల్లో ఎదురెదురుగా బిగించండి. పక్క మూతల 6 మి.మీ. బోల్టులకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్లు మించనక్కర్లేదు. అల్యూమినియంలో మర పోతే హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగచుట్ట) వేయించుకోవాలి.

ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ మూసి లోపల 6 పీఎస్ఐ గాలి పెట్టి చూడగలిగితే ఇంకా మంచిది. నిమిషానికి 1 పీఎస్ఐ కంటే ఎక్కువ పడితే సబ్బు నీళ్లతో లీకు వెతకండి, పవర్ వాల్వ్ షాఫ్ట్ దగ్గర తప్పక చూడండి. కూలెంట్ నింపి గాలి తీసి, రెండు మూడు సార్లు వేడెక్కించి చల్లార్చాక లింకేజ్ మూత మళ్లీ తీసి, రేస్ ఇచ్చి చూడండి.

మళ్లీ ఎందుకు పడుతుంది

వాల్వ్ శుభ్రం చేసి కారణం వదిలేస్తే వచ్చే సీజన్‌లో ఇదే పని మళ్లీ చేస్తారు. విప్పేటప్పుడు చూసిన మసిని గుర్తు తెచ్చుకోండి.

తడిగా, నల్లగా, తారులా కారుతుంటే మిశ్రమం రిచ్‌గా ఉంది, అంటే గాలికి మించి పెట్రోల్ వెళ్తోంది. సైలెన్సర్ చివర నల్ల జిగురు, తడి ప్లగ్ కూడా దానికి సాక్ష్యాలు. ఇక్కడ చాలామంది నూనె తగ్గిస్తారు, అది తప్పు. నూనె తగ్గితే అంతే లీటరులో పెట్రోల్ భాగం పెరిగి మిశ్రమం ఇంకాస్త రిచ్ అవుతుంది, పైగా బేరింగులకు కావాల్సిన నూనె పోతుంది. పైలట్ జెట్, నీడిల్ సరిచేయండి. నిష్పత్తి బండి మాన్యువల్ ప్రకారం ఉంచండి: 40:1 అంటే లీటరుకు 25 మి.లీ., 32:1 అంటే 31 మి.లీ., 60:1 అంటే 17 మి.లీ. కొలత గిన్నె వాడండి, మూతలతో కొలవకండి.

జెట్టింగ్ సరిగ్గా ఉన్నా తడి తగ్గకపోతే, గేర్ ఆయిల్ మట్టం పడిపోతుంటే, క్లచ్ వైపు క్రాంక్ సీల్ అరిగి గేర్ ఆయిల్ లోపలికి పీల్చుకుంటోంది. సీల్ మార్చకుండా ఎన్ని జెట్లు మార్చినా దండగ.

గట్టి, బంకలా అంటుకున్న గోధుమరంగు పొర ఉంటే నూనె రకాన్ని అనుమానించండి. ఆముదం కలిసిన రేసింగ్ నూనెలు లూబ్రికేషన్ బాగా ఇస్తాయి కానీ నెమ్మదిగా నడిపితే వాల్వ్ మీద వార్నిష్‌లా గట్టిపడతాయి. పడవ ఇంజన్ల కోసం చేసిన టీసీ-డబ్ల్యూ3 నూనె కూడా ఇక్కడిది కాదు. డబ్బా మీద జాసో ఎఫ్‌డీ అని ఉన్న సింథటిక్ నూనె వాడండి, ఆ గ్రేడ్ మసి పేరుకోకుండా చూడటంలో ఎఫ్‌సీ కంటే మెరుగు.

తుప్పు పొడి కనిపిస్తే నీళ్లు. సైలెన్సర్ మూయకుండా ప్రెషర్ వాష్ చేసినప్పుడు, వానాకాలమంతా బండి కదలకుండా నిలబడినప్పుడు ఇలా అవుతుంది. సైలెన్సర్‌కు రబ్బరు బిరడా కొనండి. రెండు నెలలకు మించి ఆపేటప్పుడు ఎగ్జాస్ట్ తీసి, వాల్వ్ మీద నూనె చల్లి, లివర్ నాలుగైదు సార్లు తిప్పండి. నెలకోసారి అదే చేయండి.

నెమ్మదిగా ఇరుకు దారుల్లో తిరిగే బండికి వాల్వ్ దాదాపు ఎప్పుడూ తెరుచుకోదు, మసి ఉన్నచోటే పేరుకుంటుంది. రైడ్ ముగిసే ముందు ఖాళీ దారి ఉంటే మూడో గేరులో మూడు నాలుగు సార్లు పూర్తి థ్రాటిల్ లాగండి. రేసు బండికి 20 గంటలకోసారి, ట్రెయిల్ బండికి 40 గంటలకోసారి లింకేజ్ మూత తీసి కదలిక చూడండి. పిస్టన్ మార్చిన ప్రతిసారీ వాల్వ్ కూడా పూర్తిగా విప్పి శుభ్రం చేయండి, సిలిండర్ ఎలాగూ చేతిలోనే ఉంటుంది.